చట్ట ప్రకటన

చట్టసభ ఆమోదించి, రాష్ట్రపతి లేదా గవర్నరు సమ్మతించిన చట్టాన్ని గెజిట్‌లో ప్రచురించి ప్రజలకు తెలపడం చట్ట ప్రకటన. ఇది ఉత్త లాంఛనం కాదు. జైపూర్ సంస్థాన మంత్రిమండలి 1923లో నల్లమందు చట్టాన్ని తీర్మానంతో చేసింది గానీ ఎక్కడా ప్రచురించలేదు. దాని కింద పడిన 50 రూపాయల జరిమానా శిక్షను హర్లా కేసులో సుప్రీంకోర్టు 1951లో రద్దు చేసింది. తెలుసుకునే దారే లేని చట్టంతో శిక్షించడం సహజ న్యాయానికి విరుద్ధమంది.

చట్టం తెలియదనడం సాకు కాదు కదా అనవచ్చు. ఆ మాట చెల్లాలంటే ముందు ప్రభుత్వం తెలియజేసి ఉండాలి. గెజిట్ చదివేదెవరన్న ఆక్షేపణ ఇంకా బలమైనది. అయితే న్యాయం కోరేది అందరూ చదవాలని కాదు, వెతికినవారికి దొరకాలని. భాషా అందులో భాగమే: 1973 నాటి చట్టం ప్రకారం, రాష్ట్రపతి అధికారంతో గెజిట్‌లో వెలువడిన కేంద్ర చట్టాల తెలుగు అనువాదం ప్రామాణిక పాఠమే. ఆ అనువాదాలు చట్టంతో పాటే వెలువడాలి.