బీసీ ఉద్యమం నుంచి ఎల్బీనగర్ బరిలోకి.. ఆర్.కృష్ణయ్య వాదన, నియోజకవర్గ వేదన

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్: రాష్ట్ర విధానాల గురించి మాట్లాడే నాయకుడు శాసనసభకు పోటీ చేస్తే కాలనీ ఓటరు అతడిని ఏమని అడుగుతాడు? ఈ ప్రశ్నకు తూర్పు హైదరాబాదులో 2014 సార్వత్రిక ఎన్నికలు చక్కని ఉదాహరణ. దశాబ్దాలుగా వెనుకబడిన తరగతుల హక్కుల కోసం పోరాడుతున్న ఆర్.కృష్ణయ్య ఆ ఏడాది తెలుగుదేశం అభ్యర్థిగా ఎల్బీనగర్ నుంచి రంగంలోకి దిగారు. అంతేగాక తెలంగాణలో పార్టీ అధికారంలోకి వస్తే ఆయనే ముఖ్యమంత్రి అని తెదేపా ప్రకటించింది. ముఖ్యమంత్రి అభ్యర్థి తమ వీధిలోకి వచ్చి ఓటు అడగటం ఇక్కడి వారికి కొత్త అనుభవం.

నియోజకవర్గ స్వరూపం

నియోజకవర్గాల పునర్విభజనతో 2009 ఎన్నికల నాటికి ఎల్బీనగర్ ప్రత్యేక స్థానమైంది. అంతకుముందు ఈ ప్రాంతంలో అధికభాగం మలక్‌పేట నియోజకవర్గంలో ఉండేది. భాజపా నేత నల్లు ఇంద్రసేనారెడ్డి 1983, 1985, 1999లలో అక్కడి నుంచి గెలుపొందారు. ఆయన 2023లో త్రిపుర గవర్నరుగా నియమితులయ్యారు. మునుపు ప్రత్యేక పురపాలక సంఘంగా ఉన్న ఎల్బీనగర్ 2007 ఏప్రిల్‌లో గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థలో విలీనమైంది. పన్నులు నగరస్థాయికి చేరాయి, సౌకర్యాలు మాత్రం ఆలస్యంగా వచ్చాయని స్థానికులు ఇప్పటికీ అంటుంటారు.

విజయవాడ జాతీయ రహదారి, నాగార్జునసాగర్ రహదారి, ఇన్నర్ రింగ్ రోడ్డు కలిసే కూడలి ఎల్బీనగర్. నల్గొండ, ఖమ్మం జిల్లాల నుంచి, కోస్తా నుంచి వచ్చేవారికి నగరం ఇక్కడే మొదలవుతుంది. ప్రభుత్వోద్యోగుల నివాసాలతో ఎదిగిన వనస్థలిపురం, వ్యాపార కూడలిగా కొత్తపేట, శిక్షణ కేంద్రాలకు, వసతిగృహాలకు పేరొందిన దిల్‌సుఖ్‌నగర్.. ఒక్కో ప్రాంతానిది ఒక్కో తీరు. గ్రూప్స్, డీఎస్సీ ప్రకటన వెలువడిందంటే దిల్‌సుఖ్‌నగర్ సందుల్లో గది దొరకటం కష్టం. ఆ గదులలో ఉండే యువకులలో అధికులు పల్లెల నుంచి వచ్చినవారే. కృష్ణయ్య జీవితమంతా మాట్లాడింది వీరి గురించే కాబట్టి, ఆయనకు ఈ స్థానం కేటాయించటం యాదృచ్ఛికం అనిపించదు. సీమాంధ్ర నుంచి వచ్చి స్థిరపడినవారి ఓట్లు తెదేపాకు అనుకూలించగలవన్న లెక్క కూడా ఉండి ఉండవచ్చు.

ఆయన వాదన ఏమిటి?

ఉస్మానియా విశ్వవిద్యాలయంలో విద్యార్థి దశ నుంచే ఉద్యమబాట పట్టిన కృష్ణయ్య, బీసీ సంక్షేమ సంఘం నాయకునిగా రాష్ట్రమంతటా ప్రసిద్ధులు. వసతిగృహాలు మంజూరు చేయాలి, భోజన ఛార్జీలు పెంచాలి, ఖాళీ పోస్టులు భర్తీ చేయాలి.. ఇవి ఆయన నిత్య డిమాండ్లు. వీటికి మించి ఆయన పట్టుబట్టేది చట్టసభల్లో వాటా. రాజ్యాంగాన్ని సవరించి శాసనసభలో, పార్లమెంటులో బీసీలకు 50 శాతం స్థానాలు కేటాయించాలని, కేంద్రంలో బీసీలకు ప్రత్యేక మంత్రిత్వశాఖ ఏర్పాటు చేయాలని, జనగణనలో కులాల వివరాలు సేకరించాలని ఆయన కోరుతూ వచ్చారు.

ఈ వాదనకు నేపథ్యం ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అనంతరామన్ కమిషన్ 1970లో నివేదిక ఇచ్చిన తరువాత విద్య, ఉద్యోగాల్లో బీసీలకు ఏ, బీ, సీ, డీ వర్గాలుగా 25 శాతం కేటాయింపు స్థిరపడింది. ఎన్టీ రామారావు ప్రభుత్వం 1986లో దానిని 44 శాతానికి పెంచగా హైకోర్టు కొట్టివేసింది. స్థానిక సంస్థల్లో 34 శాతం వాటా చాలాకాలం కొనసాగింది. అయితే స్థానిక సంస్థల రిజర్వేషన్లన్నీ కలిపి 50 శాతం మించరాదని 2010లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. దాని ఫలితంగా తెలంగాణలో 2019 పంచాయతీ ఎన్నికల నాటికి బీసీల వాటా 23 శాతం లోపునకు పడిపోయింది. ఊళ్లో సర్పంచి కాగలిగినవాడే రేపు ఎమ్మెల్యే టికెట్ అడగగలడు. కాబట్టి ఆ కోత కేవలం అంకెల వ్యవహారం కాదు.

బోధన రుసుముల చెల్లింపు మరో అంశం. ఉమ్మడి రాష్ట్రంలో 2008లో వై.ఎస్.రాజశేఖరరెడ్డి ప్రభుత్వం దీనిని బీసీలకు, ఆర్థికంగా వెనుకబడిన కుటుంబాలకు విస్తరించింది. ఇంజినీరింగు చదువు సామాన్యుని ఇంటికి వచ్చింది ఈ పథకంతోనే. తర్వాతి ప్రభుత్వాలు బకాయిలు పెట్టిన ప్రతిసారీ కళాశాలలు ధ్రువపత్రాలు ఆపటం, విద్యార్థులు రోడ్డెక్కటం ఆనవాయితీగా మారింది. ఆ ధర్నాల్లో కృష్ణయ్య ముందు వరుసలో కనిపించేవారు.

గెలుపు.. ఆ తర్వాత

2014 ఏప్రిల్ 30న పోలింగ్, మే 16న లెక్కింపు జరిగాయి. తెరాస అభ్యర్థి ముద్దగౌని రామ్మోహన్‌గౌడ్‌పై కృష్ణయ్య విజయం సాధించారు. అప్పటి కాంగ్రెస్ ఎమ్మెల్యే దేవిరెడ్డి సుధీర్‌రెడ్డి మూడో స్థానంలో నిలిచారు. రాష్ట్రంలో మాత్రం 119 స్థానాలకు తెరాస 63 గెలిచి అధికారం చేపట్టింది. తెదేపాకు దక్కినవి 15. ముఖ్యమంత్రి అభ్యర్థిగా ప్రచారం చేసిన నాయకునికి శాసనసభాపక్ష నేత పదవి కూడా దక్కలేదు. అది ఎర్రబెల్లి దయాకరరావుకు వెళ్లింది. బీసీ నినాదం ఎన్నికల వరకేనా అన్న విమర్శ అప్పుడే మొదలైంది, దానికి పార్టీ నుంచి గట్టి సమాధానం రాలేదు. 2016లో 12 మంది తెదేపా ఎమ్మెల్యేలు తెరాసలో విలీనమైనా కృష్ణయ్య వెళ్లలేదు. పార్టీ కార్యక్రమాల్లో కన్నా బీసీ సభల్లోనే ఎక్కువగా కనిపించారు.

ఇక్కడే ఓటరుకు, నేతకు మధ్య దూరం పెరిగింది. రాష్ట్రవ్యాప్త ఉద్యమం నడిపే వ్యక్తి కాలనీ సంక్షేమ సంఘాల సమావేశాలకు ఎంత సమయం ఇవ్వగలడు? మురుగుకాలువ, మంచినీరు, రిజిస్ట్రేషన్.. ఇవి ఏ కమిషన్ నివేదికలోనూ ఉండవు. వర్షం వస్తే మాత్రం ఇంట్లోకే వస్తాయి. సరూర్‌నగర్ చెరువు పొంగితే దిగువ కాలనీలు మునుగుతాయి. 2020 అక్టోబరు వరదల్లో ఈ ప్రాంత ప్రజలు పడవల్లో బయటకు రావాల్సి వచ్చింది. బీఎన్‌రెడ్డినగర్ పరిసరాల్లోని కాలనీల్లో ఏళ్ల తరబడి ఇళ్ల రిజిస్ట్రేషన్లు నిలిచిపోయాయి. బిడ్డ పెళ్లికి, చదువుకు ఇల్లు అమ్ముదామన్నా వీలుకాని స్థితి. 2022లో ప్రభుత్వం 118వ నంబరు ఉత్తర్వుతో చదరపు గజానికి రూ.250 చొప్పున క్రమబద్ధీకరణకు అవకాశమిచ్చింది. ఎమ్మెల్యే ఎవరైనా వీరికి కావలసింది ఆ కాగితమే.

కృష్ణయ్య పదవీకాలంలోనే మెట్రో పనులు దాదాపు పూర్తయ్యాయి. 2018 సెప్టెంబరు 6న శాసనసభ రద్దయింది. సరిగ్గా 18 రోజులకు, 24న అమీర్‌పేట-ఎల్బీనగర్ మార్గం ప్రారంభమైంది. 2013 ఫిబ్రవరి 21 నాటి జంట పేలుళ్లతో భీతిల్లిన దిల్‌సుఖ్‌నగర్ కూడలికి మెట్రోతో రద్దీ మరింత పెరిగింది.

మారిన జెండాలు

2018లో కృష్ణయ్య కాంగ్రెస్ తరఫున మిర్యాలగూడలో పోటీ చేసి ఓడారు. ఎల్బీనగర్‌లో కాంగ్రెస్ అభ్యర్థిగా సుధీర్‌రెడ్డి గెలిచి, తర్వాత తెరాసలో చేరారు. 2023లో భారాస తరఫున మళ్లీ గెలుపొందారు. కృష్ణయ్య 2022లో వైకాపా నుంచి రాజ్యసభకు వెళ్లి, 2024 సెప్టెంబరులో రాజీనామా చేశారు. డిసెంబరులో భాజపా సభ్యునిగా ఆంధ్రప్రదేశ్ నుంచే ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. తెదేపా, కాంగ్రెస్, వైకాపా, భాజపా.. పార్టీలు నాలుగు. డిమాండ్ల పత్రం ఒక్కటే. పార్టీ మారటాన్ని తప్పుపట్టేవారు ఉన్నారు. తన డిమాండ్లను నెరవేర్చే పార్టీ ఇన్నేళ్లలో ఆయనకు దొరకలేదన్నదీ కాదనలేని విషయమే.

కొన్ని డిమాండ్లు ఆలస్యంగానైనా కదిలాయి. తెలంగాణ ప్రభుత్వం జరిపిన కులసర్వేలో బీసీలు 56 శాతానికి పైగా ఉన్నట్లు 2025 ఫిబ్రవరిలో వెల్లడైంది. జనగణనతోపాటు కులగణన చేస్తామని కేంద్రం 2025 ఏప్రిల్ 30న ప్రకటించింది. ఎల్బీనగర్‌లో ఆయనకు ఓట్లు పడిన రోజుకు అది సరిగ్గా పదకొండేళ్లు. స్థానిక సంస్థల్లో బీసీలకు 42 శాతం కేటాయిస్తూ సెప్టెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వును అక్టోబరు 9న హైకోర్టు నిలిపివేసింది. నిరసనగా బీసీ సంఘాల ఐక్య కార్యాచరణ సమితి అక్టోబరు 18న రాష్ట్ర బంద్ నిర్వహించింది. సమితికి నాయకత్వం వహించింది కృష్ణయ్యే. డిసెంబరులో పంచాయతీ ఎన్నికలు పాత పరిమితికి లోబడే జరిగాయి.

అంతకు ముందు నెలలోనే బోధన రుసుముల బకాయిలు చెల్లించాలంటూ రాష్ట్రంలోని ప్రైవేటు వృత్తివిద్యా కళాశాలలు బంద్ పాటించాయి.