చచ్చినా గద్దె దిగని రాజులు

ఈరోజు ఒక గేమ్‌తో మొదలుపెట్టి నేరుగా హిస్టరీలోకి వెళ్దాం.

‘టోటల్ వార్: వార్‌హ్యామర్ 2’ ఆడినవాళ్లకు టూంబ్ కింగ్స్ తెలిసే ఉంటుంది. 2018లో ఆ గేమ్‌లోకి వచ్చారు. ఎడారి, పిరమిడ్లు, అస్థిపంజరాల సైన్యం. వాళ్లందరికీ పెద్ద సెట్రా. చచ్చి వేల ఏళ్లయినా రాజ్యం నాదే అంటాడు.

నాకు వీళ్లతో ఆడటం భలే ఇష్టం. మిగతా రాజ్యాలతో ఆడితే ప్రతి టర్న్‌కీ డబ్బు గొడవే. సైన్యం పెరిగితే ఖర్చు పెరుగుతుంది. టూంబ్ కింగ్స్‌కి ఆ బాధ లేదు. సైనికుల్ని తీసుకోవడానికి పైసా ఖర్చు లేదు, పోషించడానికీ లేదు. ఎన్ని సైన్యాలు ఉండొచ్చన్న దానికి మాత్రం లిమిట్ ఉంటుంది. లాజిక్ సింపుల్: ఎముకలకు ఆకలేస్తుందా ఏంటి?

మరి హిస్టరీ ఏం చెబుతుంది? ఎముకలకు ఆకలి ఉండదు. వాటి పేరు చెప్పుకుని తినేవాళ్లకు మాత్రం బాగా ఉంటుంది!

టూంబ్ కింగ్స్‌కి మోడల్ పాత ఈజిప్టు కదా, అక్కడే మొదలుపెడదాం. చనిపోయిన రాజు పూజల కోసం అక్కడ భూములు కేటాయించేవాళ్లు. రోజూ నైవేద్యం పెట్టేవాళ్లు. తర్వాత అది పూజారులు పంచుకునేవాళ్లు. ఇటు సమాధులు కట్టే పనివాళ్ల సంగతి చూడండి. మూడో రామెసెస్ 29వ ఏట, అంటే సుమారు క్రీ.పూ. 1157లో, వాళ్లకు జీతంగా రావాల్సిన ధాన్యం ఆగిపోయింది. పనివాళ్లు పని ఆపేసి, పాత రాజుల ఆలయాల దగ్గరకెళ్లి కూర్చున్నారు. మనకు రికార్డు దొరికిన తొలి సమ్మెల్లో ఇదొకటి. ఆ ఆలయాల్లో ఒకటైన రామెస్సియంలో పెద్ద పెద్ద గాదెలున్నాయి. చచ్చిన రాజు గుడిలో ధాన్యం, అతని వారసుడికి సమాధి తవ్వేవాడి ఇంట్లో పస్తు!

అయినా ఈజిప్టులో రాజుల్ని సమాధి చేసి తలుపు మూసేశారు. అసలు తలుపే మూయని రాజ్యం ఇంకోటుంది. దానికోసం సముద్రం దాటి, రెండున్నర వేల ఏళ్లు ముందుకొచ్చి, దక్షిణ అమెరికాలోని పెరూకి వెళ్లాలి. ఇంకా సామ్రాజ్యం, రాజధాని కుస్కో.

ఇంకా రాజు చనిపోతే శరీరాన్ని మమ్మీగా చేసి కాపాడేవాళ్లు. గద్దె కొత్త రాజుకు దక్కేది. పాత రాజు భవనాలు, పొలాలు, సేవకులు మాత్రం ఆ మమ్మీ పేరు మీదే ఉండేవి. వాటిని చూసుకునేది ‘పనాకా’ అనే అతని వంశం. పండగొస్తే మమ్మీలను కుస్కో చౌకులోకి తెచ్చి వరసగా కూర్చోబెట్టి, మొక్కజొన్న కల్లు పోసేవాళ్లు. కొత్త రాజు తన ఆస్తి తానే సంపాదించుకోవాలి. అందుకే ఇంకాలు ఆగకుండా యుద్ధాలు చేశారని కొందరు చరిత్రకారుల వాదన.

మమ్మీలు మాట్లాడేవి కూడా! పెద్రో పిజారో అనే స్పెయిన్ మనిషి రాసిపెట్టిన సంగతి ఇది. ఒక ఇంకా సేనాని పెళ్లికి ఒక పెద్దాయన అనుమతి అడగడానికి ఇతన్ని పంపారు. వెళ్లి చూస్తే ఆ పెద్దాయన మమ్మీ. పక్కనున్న మగమనిషి, ఆడమనిషి ఆ మమ్మీ తరఫున సరే అన్నారు. పెళ్లి ఖాయం! అధికారం ఎవరి నోట్లో ఉందో అర్థమైందా?

1520లలో రాజు హుయ్నా కపాక్ చనిపోయాక కొడుకులు హువాస్కర్, అతహువల్ప కొట్టుకున్నారు. మంచి భూమంతా చచ్చినవాళ్ల చేతిలోనే ఉందని హువాస్కర్‌కి మండిందట. వీళ్లందరినీ పాతిపెట్టి ఆస్తి లాక్కుంటానన్నాడని అదే పిజారో రాశాడు. దాంతో కుస్కో పెద్దల్లో చాలామంది అతనికి దూరమయ్యారు. ఇటు హువాస్కర్ వైపున్న ఒక వంశాన్ని అతహువల్ప సేనలు నరికేసి, వాళ్ల మమ్మీ టుపాక్ ఇంకాను తగలబెట్టాయి. అంటే చచ్చిన రాజును శత్రువుగా లెక్కేసి మళ్లీ చంపారన్నమాట. ఇల్లు ఇలా రెండుగా చీలి ఉన్న టైంలోనే, 1532లో, ఫ్రాన్సిస్కో పిజారో వచ్చి అతహువల్పను పట్టేశాడు.

అక్కడితో అయిపోలేదు. స్పెయిన్ పాలన వచ్చాక కూడా జనం మమ్మీలను దాచి పూజించారు. 1559లో పోలో దె ఒందెగార్దో అనే అధికారి వెతికి వెతికి కొన్నింటిని పట్టుకున్నాడు. వాటిని లీమాకు పంపేశారు. బతికున్న రాజును పట్టుకున్న పాతికేళ్ల తర్వాత కూడా చచ్చిన రాజుల్ని అరెస్టు చేయాల్సి వచ్చింది!

చచ్చినవాళ్ల రాజ్యం గేమ్‌లోనే చవక. బయట దాని బిల్లు బతికున్నవాళ్లే కట్టారు. ఎవరైనా పోయిన పెద్దాయన పేరు చెప్పి ‘ఇది ఆయన కోరిక’ అంటే, ముందు పక్కన కూర్చుని మాట్లాడేది ఎవరో చూడండి. గేమ్‌లో సెట్రా పక్కన కూర్చున్నది మీరే, అక్కడ ఎంజాయ్ చేయండి!

మీరు ఏ రాజ్యంతో ఆడతారో కామెంట్‌లో చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి.