కాంచనమాల చిత్రజీవితము

1935 మార్చిలో షాంఘై నగరమున రువాన్ లింగ్యూ అను చైనా నటి తన 24వ యేట ప్రాణము తీసుకొన్నది. పత్రికల అపవాదులు ఆమెను క్రుంగదీసిన వానిలో ఒకటి. ఆ సంవత్సరమే తెలుగు తెరమీద, 'శ్రీకృష్ణ తులాభారము'లో ఒక చిన్న వేషముతో, కాంచనమాల ప్రవేశించినది. ఇద్దరి కథలు వేరు. కాని కళను మించి కథలే మిగులుట ఇద్దరి విషయమునను జరిగినది.

'విప్రనారాయణ' (1937) తరువాత 1938 లో వచ్చిన 'మాలపిల్ల' ఆమెను ఆంధ్రదేశమంతట ఎరిగించినది. దర్శకుడు గూడవల్లి రామబ్రహ్మము, కథ చలముది, సంభాషణలు తాపీ ధర్మారావువి. అస్పృశ్యత వస్తువు, వ్యావహారికము భాష. వ్యాసములలోను సభలలోను ఏండ్ల తరబడి సాగిన భాషావివాదము సామాన్య ప్రేక్షకుని చెవికి తీర్పుగా చేరినది ఈ చిత్రమున, శంపలత పాత్ర నోట. పల్లెలోని హరిజన బాలిక కలకత్తాలో చదువుకొన్న యువతిగా మారు ఆ పాత్రకు అందము ఒక్కటే చాలదు. అయినను జనము ఆమె ముఖమునే క్యాలెండర్లకెక్కించినది. ఇది ఆమెకు కీర్తియే, కాని అన్యాయము కూడ.

అదే యేట 'గృహలక్ష్మి'లో ఇల్లు కూల్చు వేశ్యగా నటించినది. మరుసటి యేట 'వందేమాతరము'లో నాయిక. 'ఇల్లాలు' 1940 లో వచ్చినది. 1942 లో జెమినీ వారి 'బాలనాగమ్మ' ఘనవిజయము పొందినది. నిర్మాత ఎస్.ఎస్. వాసన్ తో ఒడంబడిక విషయమై ఆమెకు వివాదము కలిగినట్లు చిత్రచరిత్రకారులు వ్రాసినారు. దానితోనే ఆమె చిత్రజీవితము ఆగిపోయినది. 'గృహలక్ష్మి'తోనే తెరకెక్కిన చిత్తూరు నాగయ్య 1970 ల వరకు నటించినాడు. ఆమెకు దక్కినవి ఏడేండ్లు! తరువాత ఆమె అనారోగ్యమును గూర్చి అల్లుకొన్న కథలు ఆమె చిత్రముల సంఖ్యను ఎన్నడో మించినవి.

1955 తరువాత ఉక్కు కర్మాగారపు పనులకై భిలాయి చేరి, క్యాంప్ 1 వంటి వాడలలో కాపురము పెట్టిన తెలుగువారి తరమునకు తార అనగా సావిత్రి. కాంచనమాల వారి పెద్దల జ్ఞాపకము మాత్రమే. 1963 లో, 'ఇల్లాలు'లో తనతో నటించిన లక్ష్మీరాజ్యము నిర్మించిన 'నర్తనశాల'లో, కాంచనమాల కొద్ది క్షణములు కనిపించినది. ఆ చిత్రమున ద్రౌపది సావిత్రియే. కాంచనమాల 1981 జనవరిలోను, సావిత్రి అదే యేడు డిసెంబరులోను మరణించిరి.