అట్టపెట్టెలో మెదడు

సారపాక దారిలో జామాయిల్ కర్రల లారీలు బారులు తీరి ఉండటం బూర్గంపాడు మండలంలో అందరూ ఎరిగిన దృశ్యమే. ఆ కర్ర ఐటీసీ మిల్లులోకి వెళ్లి గుజ్జయి, కాగితమో అట్టో అయి బయటికొస్తుంది. మిల్లు 1979 నుంచీ నడుస్తోంది. మెదడును కళ్లముందు నిలబెట్టిన ఓ అట్టపెట్టె కథ చెప్పడానికి ఇంతకన్నా తగిన ఊరు నాకు తోచలేదు.

2014 జూన్ 25న శాన్ ఫ్రాన్సిస్కోలో గూగుల్ వార్షిక సమావేశం జరిగింది. వచ్చినవాళ్ల చేతుల్లో మడత పెట్టిన అట్టముక్క ఒకటి పెట్టారు. ఇంత పెద్ద కంపెనీ ఇచ్చే బహుమతి ఇదా అని కొందరైనా అనుకుని ఉంటారు. మడతలు సరిచేస్తే అదో చిన్న పెట్టె. ముందు రెండు లెన్సులు, వెనక ఫోను పెట్టే అర. పక్కన ఉంగరంలాంటి అయస్కాంతం ఉంటుంది, దాన్ని కిందికి లాగి వదిలితే ఫోనులోని దిక్సూచి ఆ కదలికను పసిగట్టి మీట నొక్కినట్టు లెక్కేసుకుంటుంది. తీగా లేదు, బ్యాటరీ లేదు. పారిస్‌లోని గూగుల్ కార్యాలయంలో డేవిడ్ కోజ్, డామియన్ ఆన్రీ అనే ఇద్దరు ఇంజనీర్లు సొంత ఆలోచనలకు కంపెనీ వదిలే సమయంలో చేసిన పని ఇది.

పేరంతా వీళ్లకే కట్టబెడితే అన్యాయం. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మార్క్ బోలాస్ బృందం 2012లోనే ఫోను పెట్టుకునే అట్ట కళ్లజోడు చేసి చూపించింది. ఇంకా వెనక్కి వెళితే 1838. కెమెరా సంగతి లోకానికి తెలియక ముందే చార్లెస్ వీట్‌స్టన్ ఒకే వస్తువును కుడికన్ను చూసినట్టు ఒకటి, ఎడమకన్ను చూసినట్టు ఒకటి గీసి, అద్దాలతో కలిపి చూపించాడు. చదునైన గీతలు లోతు తెచ్చుకున్నాయి. జాతరలో బయస్కోపు పెట్టెకు కళ్లు ఆనించినవాళ్లకు ఆ సరదా తెలుసు, లోతు ఒక్కటే తక్కువ. మన రెండు కళ్ల మధ్య దూరం ఆరు సెంటీమీటర్ల పైచిలుకు. కథంతా ఆ కాస్త దూరంలోనే ఉంది.

పెట్టె సరే, అందులోకి మెదడు ఎలా చేరింది? ఎమ్మారై ఇచ్చేది మెదడును కాదు, ఉల్లిపాయ చక్రాల్లాంటి పొరలను. వాటిని ఒకదానిమీద ఒకటి పేర్చి లోపలి రూపాన్ని ఊహించుకోవడం డాక్టరు అనుభవం మీద ఆధారపడిన విద్య. 1987లో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీకి చెందిన లోరెన్సన్, క్లైన్ ఆ ఊహను లెక్కగా మార్చారు. స్కానునంతా చిన్నచిన్న ఘనాలుగా చూడాలి. ఒక్కో ఘనం ఎనిమిది మూలల్నీ అడగాలి: నువ్వు లోపలా, బయటా? కొన్ని లోపలా కొన్ని బయటా ఉంటే అవయవం అంచు ఆ ఘనంలోంచే పోతున్నట్టు. అక్కడ త్రిభుజాలు అతికించుకుంటూ పోతే ముడతలతో సహా మెదడు తేలుతుంది. నా మటుకు నాకు ఈ కథలో అసలైన ఆవిష్కరణ ఇదే.

ఫోనుకు చిక్కల్లా ఆ త్రిభుజాల సంఖ్యతోనే. లక్షల కొద్దీ త్రిభుజాలను కుడికంటికొకసారి, ఎడమకంటికొకసారి, సెకనుకు అరవైమార్లు గీయాలి. వెనకబడితే చూసేవాడికి తల తిరుగుతుంది. అందుకని త్రిభుజాలు తగ్గిస్తారు, ముడతలు కాస్త నునుపవుతాయి. పాఠానికి అది చాలు, రోగ నిర్ధారణకు చాలదు.

ఆపరేషన్‌కు మాత్రం ఓసారి అక్కరకొచ్చింది. మెదడుకు కాదు, గుండెకు. 2015 డిసెంబరులో మయామీలోని నిక్లాస్ పిల్లల ఆసుపత్రిలో రెడ్‌మండ్ బర్క్ అనే సర్జన్ నెలల పసిబిడ్డ గుండెను ఇలాంటి అట్టపెట్టెలోనే అన్ని పక్కలనుంచీ చూసుకుని, ఎక్కడ కోయాలో నిర్ణయించుకున్నాడు. బిడ్డ బతికింది.

ఇక మళ్లీ మెదడు దగ్గరికి వద్దాం. తెరమీద తిరిగే ఆ మెదడు ఎవరిది? పరిశోధకులు చాలాకాలం కొలతకు వాడిన 1988 నాటి పటం అరవయ్యేళ్ల ఫ్రెంచి మహిళ ఒక్కరి మెదడుది. తర్వాత మాంట్రియల్‌లో 305 మందివి కలిపి సగటు తీశారు, వాళ్లూ మనవాళ్లు కారు. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో జయంతి శివస్వామి బృందం, తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థతో కలిసి, యాభైమంది ఆడవాళ్లు, యాభైమంది మగవాళ్ల ఎమ్మారైలతో భారతీయ మెదడు పటాన్ని 2019లో ప్రచురించింది. పాశ్చాత్య నమూనాతో పోలిస్తే మన సగటు మెదడు పొడవు, వెడల్పు, ఎత్తు కొంచెం తక్కువని తేలింది. తెలివికీ దీనికీ ముడిపెట్టి కంగారుపడకండి. మతిమరుపు జబ్బులో మెదడు ఎంత కుదించుకుపోయిందో కొలిచేటప్పుడు కొలబద్ద ఇంకొకరిదైతే లెక్క తప్పుతుంది. ఆ బృందం దిగులు అది.

గూగుల్ 2021 మార్చిలో ఆ పెట్టె అమ్మకం ఆపేసింది. సాఫ్ట్‌వేరును అంతకుముందే, 2019లో, అందరికీ వదిలేసింది. పెట్టె చేసే కొలతలు నెట్‌లో దొరుకుతాయి, తిప్పిచూసే మెదడు బొమ్మలూ దొరుకుతాయి. జీవశాస్త్రం చెప్పే మాస్టార్లూ, 45 మిల్లీమీటర్ల నాభ్యంతరం ఉన్న లెన్సులు రెండు తెప్పించండి. గూగుల్ వాడింది పార్సిల్ డబ్బాల అలల అట్ట, అది ఏ కిరాణా కొట్టు వెనకైనా దొరుకుతుంది. పిల్లలను ఐదేసి నిమిషాలకు మించి చూడనివ్వకండి.