ఉత్తర తెలంగాణలో ఉప్పు భూగర్భజలాల నిర్వహణ

ఉత్తర తెలంగాణలోని పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలలో భూగర్భజలాలు సాధారణంగా సేద్యమునకు పనికి వచ్చునవే. అయితే కాలువల కింది పల్లపు భూములలోను, మురుగు పారుదల సరిగా లేని నల్లరేగడి నేలలలోను, కొన్ని బావుల కింద అక్కడక్కడ ఉప్పదనము, చౌడు కనిపించుచుండును. ఇటువంటి నీటిని గుర్తించుట, దానితో సేద్యము చేయుట, మిగిలిన ఉప్పునీటిని ఇతరులకు హాని కలుగకుండ వదిలించుకొనుట అనునవి కలిసి ఉప్పు భూగర్భజలాల నిర్వహణ అనబడును. తీర ప్రాంతములో ఉప్పునీటిని సముద్రములోనికి పంపవచ్చును. సముద్రమునకు దూరమైన ఈ ప్రాంతములో ఆ సౌకర్యము లేదు. అందువలన ఇక్కడ ఈ సమస్యకు ప్రత్యేకత ఉన్నది.

భౌగోళిక నేపథ్యం

2016 అక్టోబరు 11న జరిగిన పునర్వ్యవస్థీకరణలో పూర్వపు కరీంనగర్ జిల్లా నుండి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలు, ఆదిలాబాద్ జిల్లా నుండి నిర్మల్, మంచిర్యాల, కుమురం భీమ్ ఆసిఫాబాద్ జిల్లాలు ఏర్పడినవి. రెండు ప్రాంతాల నడుమ గోదావరి నది ప్రవహించుచున్నది. కరీంనగర్ వైపు ఎక్కువ భాగము గ్రానైటు, నైస్ శిలలు గలవు. వీటిలో నీరు పగుళ్ళలోను, శిథిలమైన పై పొరలోను నిలుచును. గోదావరి లోయ వెంట పెద్దపల్లి, మంచిర్యాల ప్రాంతాలలో బొగ్గు గల గోండ్వానా ఇసుకరాయి ఉన్నది. ఆదిలాబాద్ పరిసరాలలో దక్కను బసాల్టు, పెన్‌గంగ సున్నపురాయి, వాటిపై నల్లరేగడి భూములు కలవు. నల్లరేగడిలో బంకమన్ను ఎక్కువ కాబట్టి నీరు నెమ్మదిగా ఇంకును, చేరిన ఉప్పు కూడ సులభముగా కిందికి దిగదు.

ఈ ప్రాంతములో సంవత్సరమునకు సుమారు 900 నుండి 1,100 మి.మీ. వర్షము కురియును. అందులో అధిక భాగము జూన్ నుండి సెప్టెంబరు వరకే పడును. ఆ నాలుగు నెలలలో వాన నీరు ఉప్పును కొంత కడిగివేయును. మిగిలిన ఎనిమిది నెలలలో ఆవిరి వలన ఉప్పు తిరిగి పైకి చేరును.

ఉప్పు ఎక్కడి నుండి వచ్చును?

శిలలు శిథిలమైనపుడు సోడియం, కాల్షియం, మెగ్నీషియం లవణాలు నీటిలో కలియును. మంచినీరు అనుకొను కాలువ నీటిలో కూడ కొంత ఉప్పు ఉండును. ఉదాహరణకు లీటరుకు 500 మి.గ్రా. లవణాలు గల నీటిని ఒక ఎకరమునకు 1,200 మి.మీ. లోతున పారించినచో దాదాపు 4,850 ఘనపు మీటర్ల నీటితో పాటు సుమారు 2.4 టన్నుల ఉప్పు పొలములోనికి వచ్చును. మొక్క నీటిని తీసుకొనును గాని ఉప్పును దాదాపుగా తీసుకొనదు. ఆ ఉప్పు కిందికి ఇంకి, మురుగు ద్వారా బయటికి పోవలెను. దారి లేనిచో అక్కడనే పేరుకొనును.

కాలువ సేద్యము మొదలైన తరువాత భూగర్భ జలమట్టము పైకి వచ్చుట రెండవ కారణము. శ్రీరాంసాగర్ ప్రాజెక్టుకు పోచంపాడు వద్ద 1963 జూలై 26న నాటి ప్రధాని జవాహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసెను. దీని కాకతీయ కాలువ జగిత్యాల, కరీంనగర్ ప్రాంతాల మీదుగా 146 కి.మీ. ప్రయాణించి దిగువ మానేరు జలాశయమును చేరి, అక్కడి నుండి మరింత దక్షిణమునకు సాగును. సరస్వతి కాలువ నిర్మల్ ప్రాంతములో కడెం వైపు పోవును. కాలువల ఊట, వరి మడులలో నిలువ నీరు కలిసి పల్లములో నీటిమట్టమును పెంచును. నీటిమట్టము నేలకు 2 మీటర్ల లోపు ఉన్న భూమిని ముంపు భూమిగా, 2 నుండి 3 మీటర్ల మధ్య ఉన్నదానిని ముంపు ప్రమాదము గల భూమిగా పరిగణింతురు. ఆ స్థితిలో సన్నని మట్టి రంధ్రాల ద్వారా నీరు పైకి ఎగబ్రాకి ఆవిరై, ఉప్పు తెల్లని పొరగా మిగులును.

బోరుబావుల వాడకము పెరిగిన ఎగువ భూములలో దీనికి భిన్నమైన పరిస్థితి కలదు. అక్కడ లోతు పగుళ్ళలోని పాత నీటిలో సోడియం బైకార్బొనేట్ ఎక్కువగా ఉండవచ్చును. అటువంటి నీటిలో ఫ్లోరైడు కూడ అధికమగుట కద్దు. ఒకే గ్రామములో పల్లపు రైతుకు ముంపు, మెరక రైతుకు బోరునీటి క్షారము సమస్య కాగలదు. అందువలన ఒకరికి పనికి వచ్చిన పరిష్కారము మరొకరికి పనికి రాకపోవచ్చును.

చౌడు నేలల రకాలు

తెలుగు రైతులు చౌడును రెండు విధాలుగా పిలుతురు. తెల్లని ఉప్పు పొర కనిపించునది పాల చౌడు. శాస్త్ర పరిభాషలో దీని సంతృప్త మట్టి ద్రావణపు విద్యుత్ వాహకత మీటరుకు 4 డెసీసైమన్లకు మించును, ఉదజని సూచిక 8.5 లోపు ఉండును. రెండవది కారు చౌడు. ఇందులో ఉదజని సూచిక 8.5 దాటును, మార్పిడి సోడియం 15 శాతమునకు మించును. నేల తడిగా ఉన్నపుడు జిగురుగాను, ఎండినపుడు రాయివలె గట్టిగాను ఉండును. పూర్వము చాకలివారు బట్టలు ఉతుకుటకు చౌడు మట్టిని వాడుచుండిరి. ఉప్పర కులస్థుల పేరు కూడ ఉప్పు మట్టి నుండి ఉప్పు తీయు వారి పాత వృత్తితో ముడిపడినది.

నీటి పరీక్ష

బావి నీరు సేద్యమునకు తగినదా కాదా అని రుచి చూచి నిర్ణయించుట సరికాదు. మోటారును కొంతసేపు నడిపిన తరువాత శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో నీటిని తీసి పరీక్షకు పంపవలెను. ముఖ్యముగా చూడవలసినవి మూడు:

విద్యుత్ వాహకత: మొత్తము ఉప్పును తెలుపును. మీటరుకు 1 డెసీసైమన్ అనగా లీటరుకు సుమారు 640 మి.గ్రా. లవణాలు.
సోడియం శోషణ నిష్పత్తి: సోడియం నేల నిర్మాణమును చెరుపు ప్రమాదమును తెలుపును.
అవశేష సోడియం కార్బొనేట్: లీటరుకు 1.25 మిల్లీ ఈక్వివలెంట్ల లోపు సురక్షితము, 1.25 నుండి 2.5 వరకు జాగ్రత్తతో వాడదగినది, 2.5 దాటినచో సాధారణముగా సేద్యమునకు తగదు.

పంటల ఎంపిక

మట్టి ద్రావణపు వాహకత ఏ స్థాయి దాటిన తరువాత దిగుబడి తగ్గుట మొదలగునో పంటను బట్టి మారును. అంతర్జాతీయముగా వాడబడుచున్న పట్టికల ప్రకారము (మీటరుకు డెసీసైమన్లలో) ప్రత్తికి 7.7, జొన్నకు 6.8, సోయాచిక్కుడుకు 5.0, వేరుశనగకు 3.2, వరికి 3.0, మొక్కజొన్నకు 1.7, ఉల్లికి 1.2. ఆదిలాబాద్ ప్రత్తి, జొన్న కొంత ఉప్పును తట్టుకొనగలవు. కరీంనగర్ మొక్కజొన్న తట్టుకొనలేదు.

వరి ఉప్పును మధ్యస్థముగానే తట్టుకొనును. అయినను మడిలో నిలిచిన నీరు ఉప్పును కిందికి నెట్టును గనుక చౌడును బాగుచేయునపుడు వరినే మొదటి పంటగా వేయుదురు. మురుగు కాలువ లేని చోట అదే వరి నీటిమట్టమును పెంచి పక్క పొలమునకు చౌడు తెచ్చును. కాబట్టి వరి మందుగా పనిచేయుట మురుగు పారుదల పైననే ఆధారపడి ఉన్నది.

నేల, నీటి సవరణ

పాల చౌడుకు మంచినీటితో కడుగుట ప్రధాన చికిత్స. పంట అవసరమునకు పైన ఎంత నీరు అదనముగా పెట్టవలెనో లెక్కించు సూత్రము కలదు: బావి నీటి వాహకతను, పంట ఓర్చు మట్టి వాహకతకు 5 రెట్ల నుండి బావి నీటి వాహకతను తీసివేయగా వచ్చిన సంఖ్యతో భాగించవలెను. 1.5 వాహకత గల నీటితో మొక్కజొన్న పండించుటకు సుమారు 21 శాతము, ప్రత్తికి 4 శాతము నీరు వేళ్ళను దాటి కిందికి పోవలెను.

కారు చౌడును కేవలము నీటితో కడిగిన ప్రయోజనము లేదు. జిప్సంలోని కాల్షియం సోడియంను తొలగించిన తరువాతనే నీరు ఇంకును. జిప్సం మోతాదును మట్టి పరీక్షను బట్టి నిర్ణయించవలెను. జీలుగ, జనుము, పిల్లిపెసర వంటి పచ్చిరొట్ట ఎరువులను కలియదున్నుట, పశువుల ఎరువు వేయుట, వరిలో జింకు లోపమును సవరించుట కూడ అవసరము.

క్షారము గల బోరునీటిని జిప్సం గుంట గుండా పారించి వాడవచ్చును. లీటరుకు 1 మిల్లీ ఈక్వివలెంట్ అవశేష కార్బొనేటును తగ్గించుటకు 1,000 ఘనపు మీటర్ల నీటికి 86 కిలోల శుద్ధ జిప్సం కావలెను. ఎకరమునకు 10 సెం.మీ. తడి అనగా సుమారు 400 ఘనపు మీటర్లు, దానికి 35 కిలోలు. చెరువు లేదా కాలువ నీరు అందుబాటులో ఉన్నచో రెండు నీళ్ళను కలిపి గాని, మొలక దశలో మంచినీటిని, తరువాత బావి నీటిని గాని వాడుట మేలు. మొలక దశలోనే పంట ఉప్పుకు ఎక్కువగా దెబ్బతినును.

ఉప్పునీటిని వదిలించుట

నేలను కడిగినంత మాత్రమున ఉప్పు నశించదు, చోటు మారును. అది ఎక్కడికి పోవును అనునదే అసలు ప్రశ్న.

బహిరంగ మురుగు కాలువలు: ఇవి వాగుల ద్వారా మానేరు, కడెం, గోదావరి నదులకు చేరును. వర్షాకాలపు వరదలో ఉప్పు పలుచబడును. వేసవిలో ప్రవాహము ఉండదు కాబట్టి అప్పుడు వదిలిన మురుగు దిగువ వారికి చిక్కగా చేరును. ఈ ప్రాంతములో కాకతీయుల కాలము నుండి గొలుసుకట్టు చెరువుల పద్ధతి ఉన్నది. ఎగువ ఆయకట్టు మురుగు దిగువ చెరువుకు ఊట అగును. కాబట్టి ఒక ఊరి పొలము బాగుపడి మరొక ఊరి చెరువు పాడుకాకుండ చూడవలెను.

భూగర్భ మురుగు పైపులు: సుమారు ఒక మీటరు లోతున చిల్లుల పైపులను పాతి నీటిమట్టమును తగ్గింతురు. భారత - డచ్ సహకార పథకము కింద అప్పటి ప్రకాశం జిల్లాలోని కొణంకి, ఉప్పుగుండూరు గ్రామాలలో ఇట్టి పద్ధతి ప్రయోగాత్మకముగా అమలు చేయబడినది.

తిరిగి వాడుట: మురుగు నీటిని ఉప్పును ఓర్చు పంటలకు, ఆ పిమ్మట నీలగిరి వంటి చెట్లకు పెట్టి పరిమాణమును తగ్గించవచ్చును. కాలువ గట్ల వెంట చెట్లు ఊటను కూడ పీల్చును. కాని ఉప్పు చెట్ల కింద మిగులును.

ఆవిరి చెరువులు: సంవత్సరమునకు 1,600 మి.మీ. ఆవిరై 1,000 మి.మీ. వాన పడునని అనుకొన్నచో నికరముగా 600 మి.మీ. మాత్రమే తగ్గును. అనగా ఎకరము చెరువు ఏటా సుమారు 2,400 ఘనపు మీటర్ల నీటినే వదిలించగలదు. అంత భూమిని చిన్న రైతులు వదులుకొనలేరు. అడుగు నుండి ఊట దిగినచో బావులు చెడును.

శుద్ధి యంత్రాల మురుగు: గ్రామాలలోని ఆర్.ఓ. కేంద్రాలు లీటరుకు 1,500 మి.గ్రా. లవణాలు గల నీటిలో సగమును శుద్ధి చేసినచో మిగిలిన సగములో దాదాపు 3,000 మి.గ్రా. ఉండును. దీనిని ఇంకుడు గుంటలోనికి వదిలినచో అదే బోరుకు తిరిగి చేరును. మరుగుదొడ్లు, నేల కడుగుట వంటి పనులకు వాడుట మెరుగు.

ఇతర దేశాల అనుభవము

అమెరికాలోని కాలిఫోర్నియాలో పొలాల మురుగును కెస్టర్‌సన్ జలాశయములోనికి పంపగా, నీటిలోని సెలీనియం వలన పక్షి పిల్లలు వైకల్యముతో పుట్టుట 1983లో బయటపడినది. తరువాత అక్కడికి మురుగు పంపుట ఆపివేయబడినది. ఆస్ట్రేలియాలో ముర్రే నదిలోనికి చేరు ఉప్పు ఊటను బోర్లతో తోడి దూరపు ఆవిరి గుంటలకు పంపుచున్నారు. ఆవిరి గుంటలో ఉప్పుతో పాటు ఇతర మూలకాలు కూడ చిక్కపడునని కెస్టర్‌సన్ అనుభవము తెలుపుచున్నది.

సంస్థలు, చట్టాలు

ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్‌లో 1997లో వచ్చిన సాగునీటి వ్యవస్థల రైతు నిర్వహణ చట్టము నీటి వినియోగదారుల సంఘాలను ఏర్పరచినది. 2002లో నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టము (వాల్టా) చేయబడినది. 1969లో స్థాపించబడిన కర్నాల్ కేంద్ర చౌడు నేలల పరిశోధన సంస్థ దేశములో ఈ విషయమున ప్రధానమైనది. జగిత్యాల సమీపములోని పొలాసలో ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానము ఉన్నది. రాష్ట్ర భూగర్భజల శాఖ పరిశీలక బావుల ద్వారా నీటిమట్టమును కొలుచును.

భవిష్యత్తు

2015లో ప్రారంభమైన మిషన్ కాకతీయ చెరువుల పూడికతీత, మధ్య మానేరు వంటి జలాశయాలు సాగునీటి లభ్యతను పెంచుటకు ఉద్దేశించబడినవి. నీరు లేక ఎండిన బావులకు ఇది మేలు. కాని కాలువ నీరు వచ్చిన ప్రతి చోట మురుగు కాలువ కూడ రావలెను. మురుగు కాలువల పూడిక తీయుట, పల్లపు బావులను తోడుకొని నీటిమట్టమును 2 మీటర్ల కిందికి ఉంచుట, యాసంగిలో కొంత భూమిని ఆరుతడి పంటలకు మార్చుట అనునవి తక్కువ ఖర్చుతో కూడిన నివారణలు. చౌడు ఒకసారి ఏర్పడిన తరువాత బాగుచేయుటకు అనేక సంవత్సరములు పట్టును, ఆ భారము ఎక్కువగా పల్లపు భూములు గల చిన్న రైతులపై పడును.

ఇవి కూడా చూడండి

శ్రీరాంసాగర్ ప్రాజెక్టు
దిగువ మానేరు జలాశయం
కడెం ప్రాజెక్టు
చౌడు నేలలు
గొలుసుకట్టు చెరువులు