గెనిమ చెరిగిన తెర

షావోమీ కంపెనీ రెడ్‌మీ 2 ప్రైమ్‌ను 2015 ఆగస్టు 10న విశాఖపట్నంలో విడుదల చేసింది. ధర 6,999 రూపాయలు. సంబరం విశాఖలో జరిగినా, ఫోన్ తయారైంది అప్పటి చిత్తూరు జిల్లా సత్యవేడు దగ్గర, శ్రీసిటీలోని ఫాక్స్‌కాన్ ప్లాంటులో.

ఆ ఫోన్‌లో తెర కింద మూడు ఎర్ర గుర్తులుండేవి. వెనక్కి పోవాలన్నా, మొదటి పేజీకి రావాలన్నా వాటినే తాకాలి. మీటల చోటు వేరు, తెర చోటు వేరు. మధ్యలో గెనిమ ఉన్న రెండు చేలలాగా.

తెర లోపల మాత్రం అప్పటికే తగువు నడుస్తోంది. పైకీ కిందికీ జరిగే జాబితాలో ఒక బటన్ ఉందనుకుందాం. దాని మీద వేలు పడింది. నొక్కడానికా, జాబితాను జరపడానికా? తాకిన క్షణంలో ఫోన్‌కు తెలియదు. ఆండ్రాయిడ్ కాసేపు బటన్‌నే నమ్ముతుంది. వేలు ఒకటింబావు మిల్లీమీటరు దాటి కదిలిందంటే జాబితా ఆ స్పర్శను లాగేసుకుంటుంది, బటన్‌కు రద్దు కబురు అందుతుంది.

2007 నాటి ఐఫోన్ బ్రౌజర్‌ది ఇంకో తంటా. రెండుసార్లు తడితే పేజీ పెద్దదవుతుంది కాబట్టి, రెండో దెబ్బ పడుతుందేమోనని ప్రతి లింకు దగ్గరా 300 మిల్లీసెకన్లు ఆగేది. మొబైల్‌కు తగినట్టు కట్టిన పేజీల్లో ఆండ్రాయిడ్ క్రోమ్ ఆ ఆలస్యాన్ని 2014లో తీసేసింది. అంతకుముందే, 2012లో, ఐఓఎస్ 6తో యాపిల్ మరో తీర్పు చెప్పింది: వెనకున్న పేజీ కూడా ట్యాప్ కోసం కాచుకుని ఉంటే, గెలుపు బటన్‌దే. సబబైన తీర్పు. మనిషి కంటికి కనపడేది బటనే కానీ దాని వెనక దాగిన జెస్చర్ కాదు కదా!

2018 ఫిబ్రవరిలో వచ్చిన రెడ్‌మీ నోట్ 5లో తెర కిందిదాకా పాకింది, విడిగా ఉన్న గుర్తులు పోయి, మీటలు తెర మీదికే వచ్చాయి. మరుసటి ఏడు ఆండ్రాయిడ్ 10 ఆ మీటలు కూడా అక్కర్లేదంది: అంచు నుంచి లోపలికి వేలు లాగితే వెనక్కి పోవడమే. చిక్కల్లా, ఎన్నో యాప్‌లు అదే ఎడమ అంచు నుంచి మెనూ తెరుచుకునేలా అలవాటు చేసి ఉన్నాయి. మెనూ కోసం లాగితే యాప్ మూతపడేది. గూగుల్ చివరికి కొలతబద్ద తీసింది. ఒక్కో అంచున 200 డీపీ, అంటే దాదాపు అంగుళంబావు ఎత్తు మేరకే యాప్ తన కోసం అట్టిపెట్టుకోవచ్చు. కీబోర్డుకూ, తెరంతా ఆక్రమించి ఆడే ఆటలకూ ఆ హద్దు వర్తించదు.