మట్టిదారి గ్లౌజు ఎందుకు పలచబడింది

మోటార్‌సైకిల్ సామగ్రి అమ్మే దుకాణాల్లో రెండు రకాల గ్లౌజులు పక్కపక్కనే వేలాడుతుంటాయి. ఒకటి మందపాటి తోలుది. మెటికల మీద గట్టి చిప్పలుంటాయి, మణికట్టు దాటి ముంజేతి మీదికి వస్తుంది. రెండోది చొక్కా గుడ్డంత పలచన. మణికట్టు దగ్గరే ఆగిపోతుంది, మడిచి జేబులో పెట్టుకోవచ్చు. మొదటిది తారురోడ్డుకు, రెండోది రాళ్లూ గుట్టలూ బురదా ఉండే మట్టిదారికి. కొత్తగా కొనేవాళ్లకు ఇది తలకిందుల వ్యవహారంగా తోస్తుంది. పదేపదే కిందపడేది మట్టిదారిలోనే కదా, మందం అక్కడే కావాలి కదా అనిపిస్తుంది. ఆ అనుమానంతోనే చాలామంది మొదటిసారి మందపాటి జత కొని, ఒక పూట నడిపేసరికి అరచేతుల నిండా బొబ్బలతో తిరిగొస్తారు. నూరేళ్లుగా మట్టిదారి పోటీలు నడిచిన తీరు చూస్తే, ఆ గ్లౌజు పలచబడడం పొరపాటుగానో ఫ్యాషన్ కోసమో జరిగింది కాదని తెలుస్తుంది. తారురోడ్డు మీద గ్లౌజు పని పడిపోయాక మొదలవుతుంది. మట్టిదారిలో పడకుండా ఆపడమే దాని మొదటి పని. ఈ తేడా పట్టుకుంటే ఏది కొనాలో తేల్చుకోవడం కష్టం కాదు.

మొదట్లో అసలు ఈ రెండు రకాలు లేవు. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో యూరప్‌లో మోటార్‌సైకిల్ నడిపినవాళ్లు వేసుకున్నవి పొడవాటి తోలు తొడుగులు. వాటి వెడల్పాటి అంచు కోటు చేతిని కప్పేస్తూ ముంజేతి దాకా వచ్చేది. ప్రమాదాల కంటే చలికీ వానకూ భయపడి చేసిన ఏర్పాటది. గాలి కోటు చేతుల్లోకి దూరకూడదు, వాననీళ్లు మణికట్టు మీదుగా లోపలికి కారకూడదు. రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ బ్రిటిష్ సైన్యంలో ఉత్తరాలు, ఆదేశాలు మోసుకెళ్లిన మోటార్‌సైకిల్ సైనికులు ఇలాంటి తొడుగులే వేసుకున్నారు. గంటల తరబడి ఒకే వేగంతో, ఒకే పట్టుతో సాగే ప్రయాణానికి అవి సరిపోయాయి. అలాంటి ప్రయాణంలో వేళ్లకు సున్నితమైన పని పెద్దగా ఉండదు కాబట్టి తోలు ఎంత మందంగా ఉన్నా ఇబ్బంది లేదు.

వేళ్లకు పని పెంచింది పోటీలు. 1924 మార్చి 29న ఇంగ్లండ్‌లోని సర్రే ప్రాంతంలో, కాంబర్లీ దగ్గరి బీడునేలల్లో ఒక పందెం జరిగింది. అంతకుముందు మట్టిదారి పోటీల్లో కాలు నేలకు ఆనించకుండా కొండెక్కడం లాంటి నైపుణ్యాలకు మార్కులు వేసేవారు. కాంబర్లీలో ఆ లెక్కలు పక్కనబెట్టి, ఎవరు ముందు వస్తే వారిదే గెలుపన్నారు. తర్వాతి కాలంలో మోటోక్రాస్‌గా ఎదిగిన ఆటకు ఇదే మొదలని చరిత్రకారులు చెబుతారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఈ ఆట యూరప్ ఖండమంతా పాకింది. 1947లో నెదర్లాండ్స్‌లో దేశాల జట్ల మధ్య తొలి పోటీ జరిగింది. 1952లో 500 సీసీ విభాగానికి యూరప్ ఛాంపియన్‌షిప్ మొదలై, 1957లో అదే ప్రపంచ ఛాంపియన్‌షిప్ అయింది. మరోపక్క 1913లో మొదలైన అంతర్జాతీయ ఆరు రోజుల పోటీ లాంటి దూరప్రయాణ పందేలు వేరే దారిలో నడిచాయి. మైనం పట్టించిన నూలు కోట్లు, పొడవాటి తొడుగులు అక్కడ చాలాకాలం నిలిచాయి. రోజంతా వానలో వందల కిలోమీటర్లు తిరిగేవారికి తడవకుండా ఉండడమే ముఖ్యం. మోటోక్రాస్ పందెం మాత్రం గంట లోపే ముగుస్తుంది. ఆ కాస్త సేపట్లో చెయ్యి పడే శ్రమ ఆరు రోజుల పోటీలో ఒక రోజు శ్రమకు తీసిపోదు. ఒకే రకం మట్టిదారి బళ్ల మీద నడిచిన ఈ రెండు ఆటలు రెండు రకాల తొడుగులు కోరుకోవడం గమనించదగ్గది. గ్లౌజును నేల ఒక్కటే నిర్ణయించదు, ఆ నేల మీద చెయ్యి చేసే పని నిర్ణయిస్తుంది.

అసలు మలుపు 1960లలో ఇంజిన్‌తో పాటు వచ్చింది. 1964, 1965 సంవత్సరాల్లో 500 సీసీ ప్రపంచ ఛాంపియన్‌షిప్ గెలిచిన జెఫ్ స్మిత్ నడిపింది బీఎస్‌ఏ వారి ఫోర్ స్ట్రోక్ బండి. 1966లో తూర్పు జర్మనీకి చెందిన పాల్ ఫ్రీడ్రిక్స్ చెకొస్లోవేకియా తయారీ సీజెడ్ టూ స్ట్రోక్ మీద ఆ పట్టం గెలిచాడు. ఆ తర్వాత దాదాపు మూడు దశాబ్దాల పాటు, 1993 వరకు, ఫోర్ స్ట్రోక్ మళ్లీ ఆ విభాగం గెలవలేదు. ఫోర్ స్ట్రోక్ బరువైనదే గానీ తక్కువ వేగంలోనూ ఒకే తీరుగా లాగుతుంది. నాటి టూ స్ట్రోక్ తేలిక, కానీ దాని శక్తంతా ఒక ఇరుకైన వేగపరిధిలోనే పుడుతుంది. ఇంజిన్‌ను ఆ పరిధిలో నిలపాలంటే క్లచ్‌ను వేలితో కొద్దికొద్దిగా నొక్కుతూ వదులుతూ ఉండాలి. కుడిచేతి వేలు అదే సమయంలో ముందు బ్రేకును అంతే నాజూగ్గా తడుముతుండాలి. లివర్ ఎక్కడ పట్టుకుంటోందో వేలికి తెలియకపోతే చక్రం జారిపోతుంది, మట్టిలో ముందు చక్రం జారితే పడిపోవడమే. మందపాటి గ్లౌజు వేసుకుంటే లివర్ నుంచి వేలికి అందాల్సిన ఆ కబురు అందదు. మట్టిదారి గ్లౌజు పలచబడడానికి తొలి కారణం ఈ లివరేనని నేనంటాను.

రెండో కారణం ముంజేయి. దారి పొడవునా అదిరే హ్యాండిల్‌ను గట్టిగా పట్టుకుంటే కాసేపటికి ముంజేతి కండరాలు ఉబ్బి బిగుసుకుపోతాయి, వేళ్లు ముడుచుకోవు, లివర్ నొక్కే బలం కూడా మిగలదు. మోటోక్రాస్ నడిపేవాళ్లకు ఇది బాగా తెలిసిన బాధ. మందపాటి గ్లౌజు దీన్ని పెంచుతుంది. తొడుగు మందమైన కొద్దీ పట్టుకోవాల్సిన హ్యాండిల్ లావవుతుంది, ముడిచిన ప్రతిసారీ ఆ తోలును కూడా వంచాలి. గ్లౌజు వేసుకుంటే పిడికిలి బలం తగ్గుతుందనీ, మందం పెరిగిన కొద్దీ ఇంకా తగ్గుతుందనీ పరిశ్రమల్లో చేతిపనులను పరిశీలించినవాళ్లు ఏనాడో తేల్చారు. పైగా అరచేతిలో మడతపడిన ప్రతి పొరా చర్మాన్ని ఒరుసుకుంటూనే ఉంటుంది. బొబ్బలకు మూలం ఆ మడతే. మెత్త పెడితే బొబ్బ రాదనుకుంటాం గానీ మెత్త కదిలితే తప్పకుండా వస్తుంది.

పలచని గ్లౌజు కావాలనుకుంటే సరిపోదు, దానికి తగిన సరుకూ ఉండాలి. మేకతోలు పలచగా చీల్చవచ్చు, కానీ చెమటకు, బురదకు తడిసి ఎండిన కొద్దీ అట్టలా బిగుసుకుపోతుంది. జపాన్‌లో కురారే కంపెనీ 1960ల మధ్యలో క్లారినో పేరుతో, తోరే కంపెనీ 1970లో సన్నటి పోగులతో కృత్రిమ తోళ్లు తెచ్చాయి. పలచగా ఉండి, ఉతికినా గట్టిపడని సరుకు అలా అందుబాటులోకి వచ్చింది. స్విట్జర్లాండ్‌కు చెందిన జార్జ్ ద మెస్ట్రాల్ 1950లలో పేటెంటు పొందిన వెల్క్రో పట్టీతో మణికట్టు దగ్గర గుండీల అవసరం పోయింది. ఈ సరుకు అందుబాటులోకి వస్తున్న రోజుల్లోనే ఆట అమెరికా చేరింది. 250 సీసీలో నాలుగుసార్లు ప్రపంచ విజేత అయిన స్వీడన్ వీరుడు టోర్‌స్టెన్ హాల్‌మన్ 1966లో అమెరికా వెళ్లి ఈ ఆట చూపించాడు. ఆపైన నడిపేవారి దుస్తులు, సామగ్రి అమ్మే వ్యాపారం పెట్టాడు. థోర్ అన్న నేటి బ్రాండు దానినుంచే వచ్చింది. 1972లో లాస్ ఏంజెలెస్ కొలీజియం స్టేడియంలో మట్టి పోసి పందెం పెట్టారు. 1973లో యమహా వెనక చక్రానికి ఒకే షాక్ అబ్జార్బర్ ఉన్న బండితో 250 సీసీ ప్రపంచ పట్టం గెలిచింది. సస్పెన్షన్ ప్రయాణం పెరగడంతో గెంతులు పెద్దవయ్యాయి, వేగం పెరిగింది. దిగినప్పుడు చేతుల మీద పడే దెబ్బా పెరిగింది.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఎదురవుతుంది. 1970లు, 80ల నాటి గ్లౌజుల్లో చాలావాటికి వేళ్ల వెనక వైపు రబ్బరు పట్టీలు, మెటికల మీద దిండ్లు కనిపిస్తాయి. గ్లౌజు పలచబడుతూ వచ్చిందన్న మాటకు ఇది ఎదురు సాక్ష్యం కాదా? కాదు, ఎందుకంటే ఆ రబ్బరంతా చేతి వెనక వైపే ఉంది. ముందు వెళ్లే బండి వెనక చక్రం చిమ్మే రాళ్లు తగిలేది అక్కడే, చెట్ల కొమ్మలు గీరేదీ అక్కడే. అరచేతి వైపు ఒక్క పొర పలచని తోలే ఉండేది. తర్వాత ఆ వెనక వైపు బరువు కూడా కొంత తగ్గింది, ఎందుకంటే రక్షణ చేతి మీద నుంచి బండి మీదికి మారింది. హ్యాండిల్ చివరల నుంచి లివర్ల ముందుగా వచ్చే హ్యాండ్‌గార్డులు అడవుల్లో నడిపేవారికి మామూలు సామగ్రి అయ్యాయి. కొమ్మను గార్డు అడ్డుకుంటే ఆ పని గ్లౌజుకు మిగలదు. హ్యాండ్‌గార్డు లేని బండి మీద చెట్ల మధ్య తిరిగేవారు మాత్రం మెటికల మీద చిప్ప ఉన్న గ్లౌజు తీసుకోవాలి. ఈ ఒక్క విషయంలో వెనకటి రబ్బరు గ్లౌజు ఇవాళ్టి పలచని గ్లౌజు కన్నా మెరుగే.

ఛాంపియన్లను చూసి మామూలువాళ్లు ఎందుకు నడుచుకోవాలి అన్నది రెండో అభ్యంతరం. ఛాంపియన్‌కు పందేనికో కొత్త జత ఉచితంగా వస్తుంది, పలచని గ్లౌజు నెలలో చిరిగిపోతే అతనికి నష్టం లేదు, కంపెనీకి లాభం. ఇందులో నిజముంది. రంగురంగుల బట్టల వ్యాపారం ఈ ఆటను చాలా మార్చింది, ఒక్క ఎండాకాలం నిలవని గ్లౌజులు మార్కెట్లో ఉన్నాయి. కానీ దీనికి విరుగుడు మందం కాదు. కొత్తగా నేర్చుకునేవాళ్లు అనుభవజ్ఞుల కన్నా గట్టిగా హ్యాండిల్ పట్టుకుంటారు, అంటే ఒరిపిడి వాళ్లకే ఎక్కువ, ముంజేయి ముందు అలిసిపోయేదీ వాళ్లకే. వాళ్లకు కావలసింది బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య, అరచేతి మడమ దగ్గర మాత్రం అదనపు ముక్క కుట్టి, మిగతాదంతా ఒకే పొర ఉన్న గ్లౌజు. త్వరగా చిరిగేది ఆ రెండు చోట్లే.

యూరప్ ప్రమాణాల చరిత్ర కూడా ఈ తేడానే చూపిస్తుంది. మోటార్‌సైకిల్ గ్లౌజులకు ఈఎన్ 13594 అనే ప్రమాణం 2002లో వృత్తిరీత్యా బండి నడిపేవారి కోసం వచ్చింది, 2015లో అందరికీ వర్తించేలా మారింది. 2018 ఏప్రిల్ 21 నుంచి రక్షణ సామగ్రిపై కొత్త నియంత్రణ అమలైంది. ఈ ప్రమాణంలో రెండు స్థాయిలున్నాయి. తిరిగే గరుకు పట్టీ మీద అరచేతి భాగం మొదటి స్థాయిలో సగటున కనీసం 4 సెకన్లు, రెండో స్థాయిలో 8 సెకన్లు తట్టుకోవాలి. మణికట్టు దాటి అంచు మొదటి స్థాయిలో 15 మిల్లీమీటర్లు, రెండో స్థాయిలో 50 మిల్లీమీటర్లు ఉండాలి. మెటికల రక్షణ మొదటి స్థాయిలో ఐచ్ఛికం, రెండో స్థాయిలో తప్పనిసరి. మణికట్టు దగ్గరే ఆగే మట్టిదారి గ్లౌజు ఆ 50 మిల్లీమీటర్ల షరతు దగ్గరే రెండో స్థాయికి దూరమవుతుంది. దాన్ని లోపంగా చూడాల్సిన పనిలేదు, తారు మీద జారడాన్ని దృష్టిలో పెట్టుకుని రాసిన షరతులవి. మట్టిలో పడినవాడు జారేది తక్కువ, దొర్లేది ఎక్కువ. అలాగని గ్లౌజు మీద ఉండే ఈ ప్రమాణం ముద్రను కొట్టిపారేయకూడదు. మొదటి స్థాయి ముద్ర, దాని పక్కన మెటికల రక్షణను తెలిపే కేపీ అక్షరాలు ఉన్న పలచని గ్లౌజులు ఇప్పుడు దొరుకుతున్నాయి. రెండు జతల్లో ఒకటి ఎంచుకోవాల్సి వస్తే ముద్ర ఉన్నదే మేలు.

మట్టిదారిలో హ్యాండిల్‌తో నడిపే నాలుగు చక్రాల బండి సంగతి కొంచెం వేరు. హోండా 1970లో లావాటి టైర్లతో మూడు చక్రాల బండి అమ్మింది, సుజుకీ 1982లో నాలుగు చక్రాలది తెచ్చింది. తేలిగ్గా తిరగబడే మూడు చక్రాల బండ్ల అమ్మకం 1988లో అమెరికా ప్రభుత్వంతో కంపెనీల ఒప్పందం వల్ల ఆగిపోయింది. ఈ బండ్లలో యాక్సిలరేటర్‌ను సాధారణంగా మణికట్టుతో తిప్పరు, కుడి బొటనవేలితో నొక్కిపట్టి ఉంచుతారు. గంటల తరబడి నొక్కే ఆ వేలు తిమ్మిరెక్కుతుంది, గ్లౌజులో ఆ చోట కుట్టు ఉంటే అది చర్మంలోకి దిగుతుంది. కాబట్టి ఈ బండి నడిపేవారు ముందుగా చూడాల్సింది మెటికల చిప్పలను కాదు, కుడి బొటనవేలి లోపలి వైపు కుట్టు ఉందో లేదో. వికారాబాద్ వైపు రిసార్టుల్లో అరగంట నడిపేవారికి ఇది పట్టింపు కాకపోవచ్చు, పొలం పనికి రోజంతా వాడేవారికి మాత్రం ఇదే ముఖ్యం.

సైజు విషయంలో మనం ఇప్పటికీ 1830ల నాటి పద్ధతి మీదే ఆధారపడుతున్నాం. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో జేవియర్ జూవాన్ చేతులను కొలిచి వర్గీకరించి, అచ్చుతో తోలు కత్తిరించే విధానం తెచ్చాడు. అంతకుముందు నప్పే గ్లౌజు కావాలంటే కొలతిచ్చి కుట్టించుకోవాల్సిందే. ఇవాళ యూరప్ రక్షణ గ్లౌజుల ప్రమాణంలో 8వ సైజు అంటే అరచేతి చుట్టుకొలత 203 మిల్లీమీటర్లు. టేపుతో, బొటనవేలు వదిలేసి మెటికల కింద కొలిస్తే ఈ అంకె వస్తుంది. కంపెనీల అక్షరాల సైజుల కన్నా దీన్ని నమ్మడం మంచిది. వేసుకున్నాక పిడికిలి బిగించి చూడండి. అరచేతిలో మడత పడకూడదు, వేలి చివర ఖాళీ మిగలకూడదు, చేతిని చాచినప్పుడు వేళ్ల మధ్య లాగకూడదు.

2016లో వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్, 2019లో వచ్చిన హీరో ఎక్స్‌పల్స్ బండ్లతో మన దగ్గర కూడా చాలామంది ఒకే రోజు వంద కిలోమీటర్లు హైవే మీద వెళ్లి, చివర పది కిలోమీటర్లు అడవిదారిలో తిరుగుతున్నారు. రెండింటికీ ఒకే జత చాలదు. హైవే మీద పలచని గ్లౌజు వేసుకోవడం ప్రమాదం. పడ్డాక అరచేతి చర్మాన్ని తారుకు అప్పగించినట్టే. అడవిదారిలో మందపాటిది వేసుకోవడమూ ప్రమాదమే, పడే అవకాశమే పెరుగుతుంది. పలచని జత జేబులో పట్టేంత చిన్నదే. రెండూ కొనండి, తారు అయిపోయిన చోట బండి ఆపి మార్చుకోండి.